కరిగిపోతున్న నేలని కొలవడం ఎందుకు?



నిష్కామ కర్మ మీద చేసిన వీడియో చూసి ఒక తమ్ముడు పంపిన ప్రశ్న నన్ను రెండు వారాలుగా వదలట్లేదు. వీడియోలో రెండు నిమిషాల్లో తేల్చేసే సంగతి కాదు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

వాళ్ళ నాన్నగారికి మతిమరుపు జబ్బు. ఆరు నెలలకోసారి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు. ఇవాళ ఏ నెల, మనం ఏ ఊళ్ళో ఉన్నాం అని అడుగుతారట. గడియారం బొమ్మ గీయమంటారట. మూడు మాటలు చెప్పి, కాసేపాగి మళ్ళీ చెప్పమంటారట. చివర్లో 30కి ఒక స్కోరు. మొదటిసారి 24. తర్వాత 22. మొన్న 19. 

"అక్కా, ఫలితం ఆశించకుండా పని చెయ్యమన్నారు, సరే. ఫలితం రాదని ముందే తెలిసిన పని కూడా చెయ్యాలా? ఈ స్కోరు ఇంక పెరగదని డాక్టరే చెప్పేశారు. తగ్గిపోవడాన్ని కొలుచుకుంటూ కూర్చోవడం కర్మయోగమా, మనల్ని మనం హింసించుకోవడమా?" అని అడిగాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తర్వాత అది నేను అస్సలు అనుకోని చోట దొరికింది. ఉత్తర ధ్రువం వైపు, అలాస్కాలో, గడ్డకట్టిన నేలలోకి ఉక్కు కడ్డీ దించి లోతు రాసుకునే మనుషులున్నారు. వాళ్ళ పని కూడా ఇదే. తగ్గిపోతున్నదాన్ని ఏళ్ళ తరబడి కొలవడం. కొలిచినంత మాత్రాన అది ఆగదని వాళ్ళకీ తెలుసు. అయినా ఎందుకు కొలుస్తున్నారో చూస్తే, మన తమ్ముడి ప్రశ్నకి కూడా దారి కనిపిస్తుంది.

పేరులో ఉన్న "శాశ్వతం"

అలాస్కాలో బ్రూక్స్ పర్వతాలు దాటి ఉత్తరంగా వెళ్తే చెట్లుండవు. గుబురు గుబురుగా గడ్డి, నాచు, చిన్న చిన్న సరస్సులు, వేసవిలో లెక్కలేనన్ని దోమలు. దీన్నే టండ్రా అంటారు. అక్కడ టూలిక్ అనే సరస్సు ఒడ్డున 1975 నుంచి ఒక పరిశోధనా కేంద్రం ఉంది. అలాస్కా ఫెయిర్‌బ్యాంక్స్ విశ్వవిద్యాలయం దాన్ని నడుపుతుంది. వేసవిలో కొన్ని వారాలు అక్కడ సూర్యుడు అస్తమించడు. చలికాలంలో కొన్ని వారాలు అసలు ఉదయించడు.

ఆ గడ్డి కింద ఉన్నదే పర్మాఫ్రాస్ట్. పేరులోనే "శాశ్వతంగా గడ్డకట్టినది" అనే అర్థం ఉంది. శాస్త్రం చెప్పే నిర్వచనం చూస్తే మాత్రం నవ్వొస్తుంది. వరసగా రెండేళ్ళ పాటు సున్నా డిగ్రీలు, లేదా అంతకంటే తక్కువ ఉష్ణోగ్రతలో ఉన్న నేల ఏదైనా పర్మాఫ్రాస్టే. రెండేళ్ళకే శాశ్వతం అని పేరు! మనం మాత్రం ఏం తక్కువ తిన్నాం? ఉద్యోగం పర్మనెంట్, అడ్రస్ పర్మనెంట్. నిలకడగా కనిపించిన ప్రతిదానికీ ఆ మాట తగిలించేస్తాం.

అయితే ఈ నేల చాలాచోట్ల వేల ఏళ్ళుగా గడ్డకట్టే ఉంది. అలాస్కా ఉత్తర తీరంలో ప్రూడో బే దగ్గర సుమారు 600 మీటర్ల లోతు దాకా గడ్డే. వేసవిలో పైన కొద్ది మందం మాత్రమే కరుగుతుంది. టూలిక్ దగ్గర అయితే సుమారు మోకాలి లోతే. చలికాలం రాగానే అదీ తిరిగి గడ్డకడుతుంది. ఏటా ఇలా కరిగి గడ్డకట్టే పై పొరని యాక్టివ్ లేయర్ అంటారు. మొక్కల వేళ్ళు, పురుగులు, నీళ్ళు, అన్నీ ఆ పొరలోనే. 

కింద ఉన్న గడ్డలో వేల ఏళ్ళ నాటి గడ్డి, వేళ్ళు, జంతువుల అవశేషాలు కుళ్ళకుండా ఉండిపోయాయి. ఫ్రిజ్‌లో పెట్టి మర్చిపోయిన గిన్నె అనుకోండి. ప్రపంచంలో పర్మాఫ్రాస్ట్ ఉన్న ప్రాంతాల నేలల్లో ఉన్న కార్బన్, ఇప్పుడు గాలిలో ఉన్న కార్బన్‌కి సుమారు రెండింతలు. కరెంటు పోయి ఫ్రిజ్ చల్లదనం తగ్గితే ఏమవుతుందో తెలుసు కదా. నేల కరిగితే సూక్ష్మజీవులు ఆ నిల్వని తినడం మొదలుపెడతాయి. కార్బన్ డయాక్సైడ్, మీథేన్ గాలిలోకి వస్తాయి. ఆ వాయువులకి పాస్‌పోర్ట్ అక్కర్లేదు. అలాస్కాలో లేచినవి అలాస్కాలోనే ఉండిపోవు.

కడ్డీ ఆగిన చోట ఆగడం

ఈ కరుగుదలని కొలవడానికి 1991లో చాలా దేశాల శాస్త్రవేత్తలు కలిసి ఒక పద్ధతి మొదలుపెట్టారు. ధ్రువం చుట్టూ ఉన్న దేశాల్లో యాక్టివ్ లేయర్‌ని ఒకే విధంగా కొలిచే పథకం అది. అందులో వాడే ముఖ్యమైన పనిముట్టు ఎంత సాదాదంటే, మన ఊళ్ళో కమ్మరి కూడా చేసిస్తాడు. గీతలు పెట్టిన ఒక ఉక్కు కడ్డీ. 

ఒక కిలోమీటరు పొడవు, ఒక కిలోమీటరు వెడల్పున్న చదరాన్ని తీసుకుంటారు. వంద మీటర్లకో చోటు చొప్పున అటు 11, ఇటు 11. మొత్తం 121 చోట్లు. వేసవి చివర్లో, అంటే కరుగుదల దాదాపు పూర్తయ్యే సమయంలో, ఒక్కో చోటికీ నడిచి వెళ్ళి కడ్డీని నేలలోకి దించుతారు. మెత్తటి మట్టిలో సులువుగా దిగుతుంది. గడ్డ తగలగానే టక్కున ఆగిపోతుంది. ఎంత లోతో రాసుకుంటారు. తర్వాతి చోటికి వెళ్తారు. మళ్ళీ ఏడాది అదే కాలంలో, అవే చోట్లలో, అదే పని. చిన్న స్థలాలైతే ఈ చదరం వంద మీటర్లే ఉంటుంది, పద్ధతి మాత్రం అదే.

ఇక్కడ నన్ను పట్టుకున్న విషయం ఒకటుంది. నిష్కామ కర్మ అనగానే మనలో చాలామంది "ఫలితం ఏమైతే నాకేంటి" అనే మనస్థితి అనుకుంటాం. ఆ కడ్డీ పట్టుకున్న మనిషిని ఊహించుకోండి. ఫలితం ఏమైతే నాకేంటి అనుకుంటే వాడు 121వ చోటు దాకా ఎందుకు నడుస్తాడు? దోమలు కుడుతుంటే 60 దగ్గరే ఆగి, మిగతావి అంచనాగా నింపేస్తాడు. కడ్డీకి రాయి తగిలితే "ఇదే గడ్డ" అని రాసేసుకుంటాడు. అలా చెయ్యడు. రాయి చప్పుడు వేరు, గడ్డ చప్పుడు వేరు. అనుమానం వస్తే కాస్త పక్కన మళ్ళీ దించి చూస్తాడు. అంటే ఆ అంకె సరిగ్గా రావాలనే పట్టింపు వాడికి చాలా ఉంది.

లేనిది ఇంకొకటి. ఆ అంకె ఇంత ఉండాలి అనే కోరిక. భూమి వేడెక్కుతోందని లోకానికి గట్టిగా చెప్పాలనుకునేవాడు కాస్త బలంగా నొక్కితే ఇంకో సెంటీమీటరు దిగవచ్చు. అంతా బాగానే ఉందని చెప్పాలనుకునేవాడు కాస్త ముందే ఆపవచ్చు. రెండూ చెయ్యకుండా కడ్డీ ఎక్కడ ఆగిందో అక్కడే తనూ ఆగుతాడు చూడండి, నా దృష్టిలో ఫలాపేక్ష లేకపోవడం అంటే అది. పని మీద ప్రేమ తగ్గకూడదు. నిజాన్ని మనకి కావలసినట్టు వంచాలనే కోరిక పోవాలి.

ఒకరి తర్వాత ఒకరు

కడ్డీ చెప్పేది పై పొర సంగతి. లోపల ఏం జరుగుతోందో తెలియాలంటే బోరు వెయ్యాలి. అలాస్కాలో టామ్ ఓస్టర్‌క్యాంప్ అనే శాస్త్రవేత్త 1970ల చివరి నుంచి ఉత్తర తీరం మొదలుకొని లోపలి ప్రాంతాల దాకా వరసగా బోర్లు వేయించి, ఉష్ణోగ్రతలు కొలవడం మొదలుపెట్టారు. ఎండ, మంచు, ఋతువుల ఆటుపోట్లు 20 మీటర్ల లోతుకి దాదాపు చేరవు. ఇవాళ ఎండ కాస్తే అక్కడ ఏమీ మారదు. అక్కడ కొద్దిగా మారిందంటే, పైన ఎన్నో ఏళ్ళుగా ఏదో జరుగుతోందని అర్థం. 

మన మనసూ ఇంతే కదా. పై పొర పొద్దున వేడెక్కుతుంది, సాయంత్రం చల్లబడుతుంది. ఎవరో ఒక మాటంటే కరుగుతుంది. కానీ లోపలి స్వభావం మారాలంటే ఏళ్ళ అలవాటు కావాలి. మంచికైనా అంతే, చెడుకైనా అంతే.

1986లో ఆర్థర్ లాకెన్‌బ్రూక్, మరో శాస్త్రవేత్త కలిసి ఒక ముఖ్యమైన విషయం ప్రకటించారు. ఉత్తర అలాస్కాలో చమురు కోసం తవ్విన లోతైన బావుల్లో ఉష్ణోగ్రతలు చూస్తే, ఆ ప్రాంతంలో నేల పైభాగం కొన్ని దశాబ్దాల నుంచి వందేళ్ళ లోపు కాలంలో 2 నుంచి 4 డిగ్రీలు వేడెక్కిందని తేలింది. పైన ఎవరూ కొలవని రోజుల లెక్క కూడా నేల లోపల దాచుకుంది.

ఓస్టర్‌క్యాంప్ వేయించిన బోర్లని తర్వాత వ్లాదిమిర్ రొమనోవ్‌స్కీ అందుకున్నారు. ఒకరు మొదలుపెట్టిన కొలతని ఇంకొకరు, అవే బోర్లలో, దశాబ్దాల పాటు కొనసాగించారు. ఇలాంటి బోర్లు ప్రపంచమంతా కలిపి చూస్తే, 2007 నుంచి 2016 మధ్య పర్మాఫ్రాస్ట్ సగటున 0.29 డిగ్రీలు వేడెక్కింది. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. ఋతువులు కూడా చేరని లోతులో, ఒక్క దశాబ్దంలో, ప్రపంచమంతా కలిపిన సగటు ఇది. ఒకే మనిషి ఒకే ఏడాది కొలిస్తే ఈ అంకె ఎప్పటికీ దొరకదు. చెట్టు నాటినవాడే కాయ తినాలని పట్టుబడితే ఊళ్ళో మామిడి తోపులే ఉండేవి కావు.

ఇంకో మాట. జారిపోయిన కొలత తిరిగి రాదు. రష్యా భూభాగంలో సగానికి పైగా పర్మాఫ్రాస్టే. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక పాశ్చాత్య దేశాల సంస్థలు చాలావరకు రష్యాతో కలిసి చేసే పరిశోధనలు ఆపేశాయి. డబ్బు తర్వాత సర్దుకోవచ్చు, యంత్రాలు తర్వాత కొనుక్కోవచ్చు. కొలవని ఆగస్టు నెలని మాత్రం ఎవరూ తర్వాత తీసుకురాలేరు.

నిలబడ్డ నేలే కుంగితే?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ రాత రాయడానికి కారణం నిజానికి ఇదే.

అలాస్కా ఉత్తర తీరంలో ఉట్కియాగ్విక్ అనే ఊరుంది. పాత పేరు బారో. అక్కడ ఏళ్ళ తరబడి కడ్డీతో కొలుస్తుంటే ఒక వింత కనిపించింది. వాతావరణం వేడెక్కుతోంది. కింద నేల వేడెక్కుతోంది. కానీ కడ్డీ చూపించే లోతు మాత్రం పెద్దగా పెరగట్లేదు! కడ్డీ లెక్కే చూసుకుంటే "ఏం ఫరవాలేదు, నేల బాగానే ఉంది" అనుకోవాల్సిందే.

కారణం ఏంటంటే, ఆ నేలలో మంచు చాలా ఎక్కువ. మంచు కరిగితే ఆ నీరు పోతుంది, పైనున్న నేల మెల్లగా కిందికి దిగుతుంది. కింద గడ్డ ఒక అంగుళం వెనక్కి తగ్గితే, పైన నేల కూడా దాదాపు అంతే కుంగుతుంది. రెండింటి మధ్య దూరం అలాగే ఉంటుంది. కడ్డీ కొలిచేది ఆ దూరాన్నే. అబద్ధం చెప్పింది కడ్డీ కాదండి. కొలిచే మనిషి నిలబడ్డ నేలే దిగిపోయింది, మనిషికి తెలియలేదు.

దీనికి శాస్త్రవేత్తలు చేసింది ఏంటి? కుంగే నేల మీద ఆధారపడని ఒక స్థిరమైన గుర్తు పెట్టుకున్నారు. ఉపగ్రహాల సాయంతో నేల ఎత్తుని కచ్చితంగా కొలిచారు. కొన్ని దేశాల్లో అయితే లోతుగా, కదలని పొరలో గొట్టం పాతి, దానితో పోల్చి చూస్తారు. అప్పుడు బయటపడింది, నేల ఎంత కుంగిందో.

ఇది చదివినప్పుడు కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. ఎందుకంటే మనందరం చేసే పని ఇదే. "నిన్నటితో పోలిస్తే బాగానే ఉన్నాను" అంటాం. నిన్న కూడా మొన్నటితో పోల్చుకునే అన్నాం. మొదటిసారి అబద్ధం ఆడినప్పుడు గుండె దడదడలాడింది. పదోసారి ఏమీ అనిపించలేదు. పాపం తగ్గలేదు, మనం దిగాం. కోపం విషయంలో, అప్పు విషయంలో, అమ్మకి ఫోన్ చెయ్యడం విషయంలో కూడా అంతే. రోజుకో కాస్త దిగితే, దిగినట్టే ఉండదు. అందుకే మనిషికి తన బయట, తనతో పాటు కుంగని ఒక గుర్తు కావాలి. పెద్దలు దాన్ని ధర్మం అన్నారు. కొందరికి అది గురువు, కొందరికి ఇష్టదైవం, కొందరికి ముఖం మీద నిజం చెప్పే ఒక స్నేహితుడు. పేరేదైనా, మన మూడ్‌తో పాటు మారనిది అయ్యుండాలి.

చూస్తూ ఊరుకోవడం సాక్షిత్వమా?

"అక్కా, అదంతా సరే, కొలిస్తే కరగడం ఆగుతుందా?" అంటారు మీరు. ఆగదు. మరి ఉపయోగం?

న్యూటోక్ అని పశ్చిమ అలాస్కాలో ఒక చిన్న పల్లె ఉండేది. యూపిక్ ప్రజల ఊరు. కింద నేల కరుగుతూ వచ్చింది, పక్కన నది ఒడ్డుని కోసేస్తూ వచ్చింది. ఒడ్డు ఎంత వేగంగా కోసుకుపోతోందో 1980ల నుంచే లెక్కలున్నాయి. ఆ లెక్కలు నదిని ఆపలేదు. కానీ ఇక్కడ ఉండలేం అని ఊరు నిర్ణయించుకోవడానికి, కొత్త చోటు వెతుక్కోవడానికి సమయం దొరికింది. సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, మెర్టార్విక్ అనే గట్టి నేల మీదికి 2019లో మొదటి కుటుంబాలు మారాయి. ఆ మార్పు సులువుగా జరగలేదు, దశాబ్దాలు పట్టింది. అయినా ఒక రాత్రి ఇల్లు నీళ్ళలోకి జారిపోయాక లేచి పరిగెత్తడం వేరు, చూసుకుని సామాను సర్దుకోవడం వేరు.

శాశ్వతం అనే నమ్మకం మీదే ఉండిపోతే ఏమవుతుందో కూడా చూశాం. నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్‌లో ప్రపంచ పంటల విత్తనాలు దాచే భాండాగారం ఉంది. కొండలోపల, పర్మాఫ్రాస్ట్‌లో కట్టి, 2008లో ప్రారంభించారు. సొరంగం చుట్టూ ఉన్న నేల మళ్ళీ గడ్డకడుతుందని అనుకున్నారు. అలా జరగలేదు. 2016లో ప్రవేశ సొరంగంలోకి నీళ్ళు వచ్చాయి. విత్తనాలకి ఏమీ కాలేదు. తర్వాత నీరు చొరకుండా సొరంగాన్ని బాగుచేశారు. నమ్మకం తప్పింది, గమనించారు కాబట్టి దిద్దుకున్నారు.

మన దగ్గర "సాక్షిభావం" అనే మాటని చాలామంది తప్పించుకోవడానికి వాడుతున్నారు. "నేను దేన్నీ పట్టించుకోను, సాక్షిలా చూస్తుంటాను" అని. కోర్టుకి వెళ్ళి చూడండి. చూసి నోరు మూసుకున్నవాణ్ణి ఎవరూ సాక్షి అనరు. చూసింది చూసినట్టు చెప్పినవాడే సాక్షి. టండ్రాలో కొలిచేవాళ్ళు తమ అంకెలని పెట్టెలో దాచుకోరు, అందరికీ కనిపించేలా పెడతారు. అక్కడితో వాళ్ళ వంతు అయింది. విన్న తర్వాత ఏం చెయ్యాలన్నది విన్నవాళ్ళ ధర్మం. ఏసీ, కారు, విమానం వాడే మనమూ అందులో ఉన్నాం. సాక్ష్యం విని కూడా కదలకపోతే, తప్పు సాక్షిది కాదు.

కొలతకీ ఒక హద్దు

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. ఆ టండ్రా చాలా సుకుమారమైనది. ఒకే దారిలో పదే పదే నడిస్తే నాచు నలిగిపోతుంది. ఆ నాచే కింద గడ్డకి దుప్పటి. అది పోతే నేల ఇంకా వేగంగా కరుగుతుంది. అందుకే టూలిక్‌లో పరిశోధన జరిగే చోట్ల చెక్కలు పరిచి, వాటి మీదే నడుస్తారు. కడ్డీతో కొలిచేది కూడా వేసవి చివర్లోనే. కంగారుగా ఉందని రోజూ వెళ్ళి గుచ్చరు. ఎన్నిసార్లు కొలవాలో నేల స్వభావాన్ని బట్టి ఉండాలి, మన భయాన్ని బట్టి కాదు.

తమ్ముడూ, ఇప్పుడు నీ ప్రశ్న.

నాన్నగారి దగ్గర రోజూ ఉండేవాళ్ళకి ఆయన "బాగానే ఉన్నారు" అనిపిస్తుంది. పేరు మర్చిపోతే మీరే అందిస్తారు, మాట ఆగితే మీరే పూర్తి చేస్తారు. ప్రేమ వల్లే మీరు కూడా ఆయనతో పాటు మెల్లగా దిగుతూ వచ్చారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఇంట్లో స్టవ్ ఎవరు కట్టెయ్యాలి, బండి తాళాలు ఎప్పుడు తీసేసుకోవాలి, ఆయన సంతకం అవసరమయ్యే పనులు ఎప్పటిలోగా ఆయన ఇష్టప్రకారమే చేయించాలి, ఇవన్నీ తెలియాలంటే మీతో పాటు కుంగని గుర్తు ఒకటి కావాలి. ఆరు నెలలకోసారి వచ్చే ఆ అంకె అదే. అది ఆయన్ని బాగుచెయ్యదు. ఆయన ఇప్పుడు ఎక్కడున్నారో చెప్తుంది. మీరు అక్కడికి వెళ్ళి ఆయన పక్కన కూర్చోవచ్చు.

ఆరు నెలలకి ఒకసారి చాలు. మధ్యలో ప్రతి భోజనం దగ్గరా "నేనెవర్ని నాన్నా, చెప్పు" అని అడిగి చూడకు. అది ఆ నాచుని తొక్కడమే. మిగతా రోజుల్లో ఆయనకి ఏ పాట ఇష్టమో అది పెట్టు. చెయ్యి పట్టుకుని కూర్చో.

ఈ ఆగస్టులో కూడా ఎవరో ఒకరు కడ్డీ పట్టుకుని ఆ గడ్డిలో 121 చోట్లు నడుస్తారు. ఆగిన చోట ఆగి, అంకె రాసుకుని, తర్వాతి చోటికి వెళ్తారు. వాళ్ళకి మనసులోనే ఒక నమస్కారం పెట్టుకుందాం.

నాన్నగారిని అడిగానని చెప్పు. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.

నమస్కారం.